అరవైనాలుగు చాలు

క్యాబినెట్ మూత బిగించే ముందు హెన్రీ ఎప్పటిలాగే ఎర్ర తీగను మడిచి, మిగతా తీగల వెనక్కి తోసేశాడు. హార్డ్ డిస్క్ పని చేస్తున్నప్పుడల్లా ముందువైపు చిన్న దీపం వెలిగించే తీగ అది. రెండు సూదుల మీద తొడిగితే అయిపోయే పని. అయినా నాలుగేళ్లుగా ఈ అబిడ్స్ దుకాణంలో తన చేతి మీదుగా వెళ్లిన ఏ కంప్యూటర్‌కీ అతను ఆ తీగ తొడగలేదు. ఎవరైనా అడిగితే, "చెవులుండంగ దీపమెందుకు?" అనేవాడు.

ఏభై ఎనిమిదేళ్ల మనిషి. సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. తెల్ల చొక్కా చేతులు రెండు మడతలు పెట్టి, కళ్లజోడుకి వెనక నల్లదారం కట్టుకుంటాడు. ముప్ఫై ఏళ్లు నాంపల్లి స్టేషన్ దగ్గర టైపు మిషన్లు బాగుచేశాడు. పక్కగదిలో ఎవరైనా టైపు కొడుతుంటే, ఏ అక్షరం కడ్డీ వంగిందో ఇక్కడ కూర్చుని చెప్పేవాడు. ఆ మిషన్లకు కాలం చెల్లాక, పనిముట్ల పెట్టె పట్టుకుని నడిచి వచ్చి గట్టయ్య దుకాణంలో చేరాడు. రెండో అంతస్తులో, కిటికీ లేని గది. వరండాలో అందరికీ కలిపి ఒక జనరేటర్.

కంప్యూటర్ కొనడానికి వచ్చేవాళ్లకు మెమరీ ఎంత కావాలో తెలియదు. పక్కింటివాళ్లకు ఎంతుందో తెలుసు. దానికి రెట్టింపు అడుగుతారు. హెన్రీ వాళ్లను దుకాణంలోని మిషన్ ముందు కూర్చోబెట్టేవాడు.

"ఇంట్ల ఏం జేస్తరో గదే గీడ జేసి చూపించున్రి."

వాళ్లు పని చేస్తుంటే చెక్కపిడి స్క్రూడ్రైవర్ కొస క్యాబినెట్‌కు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని తల వాల్చేవాడు. ఎవరైనా అదేమిటని అడిగితే ఓపికగా చెప్పేవాడు. "మెమరీ అంటే బల్ల. డిస్క్ అంటే బీరువ. బల్ల చిన్నదైతే మాటిమాటికి లేచి బీరువ కాడికి పోవాలె. గా నడక వినవడ్తది నాకు." పది నిమిషాలయ్యాక కళ్లు తెరిచి, "అరవైనాలుగు చాలు" అనేవాడు, అంటే అరవైనాలుగు ఎం.బీ. మెమరీ పట్టీ ఒక్కటి. ఆ ఒక్క మాట కోసం కోఠి నుంచి, ఖైరతాబాద్ నుంచి కూడా జనం వచ్చేవారు.

"నా దుకాణంల గూసోని నాకే దుష్మన్‌వి" అని గట్టయ్య నవ్వుతూనే తిట్టేవాడు. అయినా హెన్రీ మాట దాటి ఎవరికీ అమ్మేవాడు కాదు.

ఆ స్క్రూడ్రైవర్ వెనక సంగతి మాత్రం గట్టయ్యకు కూడా తెలియదు. చూసేవాళ్లు అదేదో గొప్ప విద్య అనుకున్నారు గాని, అది కర్ర పట్టుకుని నడవడం లాంటిదే. రెండేళ్ల కిందట హెన్రీ కుడిచెవి మందగించింది. తర్వాత ఎడమది. పిడి ఎముకకు ఆనితే కాస్త వినపడేది. మూడుసార్లు పిలిస్తే గాని పలకని మనిషి సంగతి భార్య రత్నమణికి తెలుసు. ఆమెతోనూ "ఆలోచిస్తున్న" అనేవాడు తప్ప, వినపడలేదని ఒక్కనాడూ అనలేదు.

పదకొండు గంటలకు తాతారావు మెట్లెక్కి వచ్చాడు. సెక్రటేరియట్‌లో టైపిస్టుగా రిటైరైన మనిషి. ఆయన టైపు మిషన్‌ను హెన్రీ ఇరవై ఏళ్లు చూశాడు. రెండేళ్ల కిందట కొడుకు రోడ్డు ప్రమాదంలో పోతే, కోడలు సాయిసుధ ఇంట్లోనే పని వెతుక్కుంది. డాక్టర్లు చెప్పి రికార్డు చేసిన మాటలు విని, టైపు చేసి, చెప్పిన వేళకు పంపించాలి. దానికోసమే పదిహేను రోజుల కిందట ఇక్కడ కంప్యూటర్ కొన్నారు.

"మిషను మధ్యలో బిగుసుకుపోతోందండీ హెన్రీగారూ" అన్నాడు తాతారావు, ఇబ్బందిపడుతూ. "ఇప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. ఇంకోసారి అయితే ఇక పని ఇవ్వబోమన్నారు. ఇవాళ ఆరింటికి ఒకటి పంపాలి. మీరు తప్పు చెప్పరు. మా అమ్మాయే తెలీక ఏదో చేస్తోందేమోనండీ."

తిట్టినా హెన్రీ అంత బాధపడేవాడు కాదు.

"నేనానాడే నూటఇరవైఎనిమిది అన్న" అన్నాడు గట్టయ్య అటువైపు నుంచి.

ఆ రోజు హెన్రీకి బాగా గుర్తుంది. కరెంటు పోయింది. వరండాలో జనరేటర్ వేశారు. బల్లంతా వణుకుతోంది. స్క్రూడ్రైవర్‌లోంచి ఆ వణుకు తప్ప మరొకటి రాలేదు. రేపు రండమ్మా అంటే సరిపోయేది. కాని ఆ పిల్ల అతని నోటి వంకే చూస్తోంది. తాతారావు పక్కన నిలబడి, "ఈయన చెవి పడితే తిరుగుండదమ్మా" అంటున్నాడు. ఆ పొగడ్త ముందు హెన్రీ తల వంచి, కళ్లు మూసుకుని, పది నిమిషాలు ఆగి, ఎప్పటి మాటే చెప్పేశాడు.

"పదున్రి, వచ్చి చూస్త" అన్నాడిప్పుడు, పెట్టె అందుకుంటూ.

గన్‌ఫౌండ్రీ వెనక సందులో రెండు గదుల ఇల్లు. లోపలి గదిలో కిటికీ పక్కన బల్ల, దాని మీద కంప్యూటర్. సాయిసుధ ఇయర్‌ఫోన్ తీసి లేవబోతే, హెన్రీ కూర్చోమని సైగ చేశాడు.

"నీ పని నువ్వు జెయ్ బిడ్డా. నన్ను జూడకు."

ఆమె రికార్డు పెట్టింది. టైపు చేస్తూ మధ్యమధ్య వైద్యపదాల నిఘంటువు తెరిచింది. హెన్రీ స్క్రూడ్రైవర్ ఆనించి కళ్లు మూసుకున్నాడు. జనరేటర్ లేదు. ఫ్యాన్ కూడా ఆపించాడు. గది నిశ్శబ్దంగా ఉంది. అతనికి ఏమీ వినపడలేదు. పిడిని ఇంకాస్త గట్టిగా నొక్కుకున్నాడు. అయినా వినపడలేదు.

అంతా బాగానే ఉందన్నమాట అనుకున్నాడు ఒక క్షణం. కళ్లు తెరిచేసరికి తెర మీద అక్షరాలు ఆగిపోయి ఉన్నాయి. సాయిసుధ చేతులు ఒడిలో పెట్టుకుని ఎదురుచూస్తోంది.

"ఇదిగోనండీ, ఇలాగే. ఈ గరగర మొదలైందంటే ఇక రెండు నిమిషాలు కదలదు" అంది.

"గరగరా?"

"వినిపిస్తోంది కదండీ?"

గుమ్మంలో నిలబడిన తాతారావుకు కూడా వినిపిస్తోందని ఆయన ముఖమే చెప్పింది. హెన్రీ చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉండిపోయింది. వైరస్ అని చెప్పవచ్చు. ఏదో ఒకటి తుడిచి, మళ్లీ పెట్టి, మెల్లగా చేసుకోమ్మా అని వెళ్లిపోవచ్చు. అతని మాట కాదనేవాళ్లు ఆ ఇంట్లో లేరు. పోయేది ఆ పిల్ల పని. అతను సిగ్గుతో చచ్చిపోయాడు. ముప్ఫై నాలుగేళ్ల పనిలో అలాంటి సిగ్గు ఎరగడు.

మిషన్ ఆపి, మూత విప్పి, తానే మడిచి దాచిన ఎర్ర తీగను బయటికి లాగి సూదుల మీద తొడిగాడు. మళ్లీ నడిపించమన్నాడు. ముందువైపు దీపం వెలిగింది. వెలిగి, ఆరకుండా అలాగే ఉండిపోయింది.

"తప్పు నాది బిడ్డా" అన్నాడు. "నీకు అరవైనాలుగు చాలదు. ఆనాడు నాకు వినవడలే. ఇయ్యాల కూడా వినవడ్తలేదు. నా చెవులు పోయినయ్. చెప్పనీకి సిగ్గయి చెప్పలే." తర్వాత తాతారావు వైపు తిరిగి, "ఒక గంట ఆగున్రి" అని బయటికి నడిచాడు.

నాంపల్లిలో తన ఇంటికి వెళ్లాడు. రత్నమణి కంప్యూటర్ ముందు కూర్చుని ఆదివారం ఆరాధన క్రమం టైపు చేస్తోంది. చర్చికి ఆమె చేసే పని అది ఒక్కటే. ఆ మిషన్‌లో మెమరీ పట్టీలు రెండున్నాయి. ఊరందరికీ ఒకటి చాలన్న మనిషి తన ఇంట్లో మాత్రం రెండు పెట్టుకున్నాడు. బల్ల పెద్దదైతే బీరువా దగ్గరికి నడక ఉండదు. నడక లేకపోతే, అది వినపడటం లేదన్న సంగతీ తెలియదు.

"ఒకటి తీస్తున్న రత్నం."

"మరి మనకు?"

"మనకు అరవైనాలుగు చాలు."

ఆమె లేచి కుర్చీ జరిపింది. అతను పట్టీ తీసి కాగితంలో చుడుతుంటే, గట్టిగా, అతనికి వినపడేలా అడిగింది. "చెప్పినవా వాళ్లకు?"

"చెప్పిన."

రత్నమణి అతని చేయి తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. రెండేళ్లుగా ఆమె ఎదురుచూసిన మాట అది.

రెండింటికి సాయిసుధ మిషన్‌లో రెండో పట్టీ కూర్చుంది. ఆమె అన్నీ ఒకేసారి తెరిచి పని చేస్తుంటే, ఎర్రదీపం ఒకటి రెండుసార్లు మినుకుమని ఆగింది. అక్షరాలు ఆమె వేళ్ల వెంటే వచ్చాయి. హెన్రీ కుర్చీ పక్కన నిలబడి చాలాసేపు ఆ దీపాన్నే చూశాడు. ఆరు కాకముందే పని పంపించేసి, ఆమె వెనక్కి తిరిగి నవ్వింది. అప్పటికి అతను వెళ్లిపోయాడు. స్క్రూడ్రైవర్ కిటికీలో ఉంది.

మర్నాడు తాతారావు దాన్ని కాగితంలో చుట్టుకుని దుకాణానికి వెళ్తే, షట్టర్ సగం దించి ఉంది. గట్టయ్య మెట్ల మీద కూర్చున్నాడు.

"నిన్న పొద్దుగూకంగ వచ్చిండు సార్. అమ్మనీకి పెట్టిన నాలుగు డబ్బలు ఇప్పి, ఎర్ర తీగలు పెడ్తున్నడు. ఏంది హెన్రీ అంటే, ఇగ దీపం చూసి చెప్తా సేటు, అన్నడు. ఆఖరు దానికి పెట్టి, దాని మీద తలకాయ వాల్చిండు." గట్టయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "ఇంటున్నడనుకున్న సార్. రోజు గట్లనే ఉంటడు గద. సప్పుడు చెయ్యకున్రి అని గిరాకీ వాళ్లక్కూడ చెప్పిన. అరగంట ఎవ్వలం లేపలె."

తాతారావు అక్కడి నుంచి నాంపల్లి నడిచాడు. గుమ్మం ముందు చర్చివాళ్లు నిలబడి ఉన్నారు. లోపల రత్నమణి కంప్యూటర్ ముందు కూర్చుంది. భూస్థాపన కార్యక్రమం తానే టైపు చేస్తానందట, వేరే ఎవరినీ ముట్టుకోనివ్వలేదట. ఆయన కాగితం విప్పి ఇస్తే, ఆమె రెండు చేతులతో అందుకుంది. కాసేపు పిడిని చూసింది. చెవి ఆనీ ఆనీ అక్కడ చెక్క నున్నబడింది. దాన్ని క్యాబినెట్ మీద పెట్టి, మళ్లీ కీబోర్డు వైపు తిరిగి, భర్త పేరు, పుట్టిన సంవత్సరం, 2000 అని టైపు చేసి, దాచమని మీట నొక్కింది.

లోపల డిస్క్ గరగరమంది. క్యాబినెట్ మీద చెక్కపిడి స్క్రూడ్రైవర్ సన్నగా వణికి, ఆగింది.