రెండేళ్ల గుడ్డ

మా ఇద్దరికీ వయసులో ఉన్న పంతొమ్మిదేళ్ల తేడా మా అద్దె ఇంట్లోనే ఉంటుంది. వంటింటికీ ముందుగదికీ మధ్య, కిటికీ లేని పొడుగాటి హాలు అది. పొడవు పంతొమ్మిది బారలు. నేను ఈ చివర కాఫీ కలిపి ఆ చివర కూర్చున్న మా ఆయనకి పట్టుకెళ్లేసరికి మీగడ కట్టేస్తుంది. ఆయన ఏనాడూ వంక పెట్టరు. మీగడ వేలితో తీసేసి, చల్లారిన కాఫీ తాగేస్తారు.

మా ఆయన పేరు సోమసుందరం. కాకినాడ జగన్నాథపురంలో జాకెట్లు కుడతారు. నేను మాస్టారూ అనే పిలుస్తాను, ఎందుకంటే మొదట ఆయన నాకు టైలరు మాస్టారే. నా పేరు రత్నమాల అని తెలియక ముందే నా చేతి కొలత ఆయన పుస్తకంలో ఎక్కింది. "నీ చెయ్యి పొడుగమ్మా, ఇంకో జానెడు గుడ్డ పడుద్ది" అన్నారు ఆ రోజు. ఆ జానెడు గుడ్డ దగ్గర మొదలైన గొడవే చివరికి పెళ్లయింది.

"మీ నాన్నగారా?" అని అడిగేవాళ్లకి కొదవ లేదు. "కాదండీ, మా మావగారి అబ్బాయి" అంటాను. వాళ్లు వరస కలుపుకుంటూ రోడ్డు మీదే నిలబడిపోతారు. నేను కూరలు కొనుక్కుని వచ్చేస్తాను.

హాల్లో ఆయన వైపు, నేను పుట్టక ముందు ఏళ్లు ఉన్నాయి. ఒక పాత రేడియో, వాళ్లమ్మ తిరగలి, ఆయన మొదట నేర్చుకున్న కాలి మిషను. వెళ్లినప్పుడల్లా ఏదో ఒకటి ముట్టుకుని వస్తాను. నా వైపు ఒక కుర్చీ, ఒక గ్లాసు మాత్రం ఉన్నాయి. ఆయన తర్వాత నేను ఒక్కదాన్నీ ఉండాల్సిన ఏళ్లు అవి. ఆ కుర్చీ పక్క నుంచి పోయేటప్పుడు కళ్లు మూసుకుంటాను. నాకు భయం.

ఇంటి ఓనరు బుల్లెమ్మ గారు నెల నెలా వచ్చి సరిగ్గా ఆ కుర్చీలోనే కూర్చుంటుంది. "ఒంటరి ఆడమనిషికి మేం ఇల్లివ్వమమ్మా. ఆయన పోయాక ఖాళీ చేసేద్దువుగాని, ఇప్పట్నుంచే చెప్తన్నాను" అంటుంది. ఆయన ఎదురుగా కూర్చుని టీ తాగుతుండగానే! నాకు ఒళ్లు మండిపోతుంది. మాస్టారేమో ఆ రోజంతా కత్తెర ముట్టుకోరు.

"రత్నం, సొంతిల్లు తీసుకుందాం" అంటారు సాయంత్రం. "నేనున్నా లేపోయినా నిన్ను ఎవరూ లెగమనకూడదు."

మర్నాడు బ్యాంకుకి వెళ్తాం. లోన్లు చూసే త్రివేణి గారు కాగితాలు నా వైపు జరుపుతుంది.

"నాన్నగారిని ఇక్కడ సంతకం పెట్టమనండి."

"మా ఆయనండీ."

"అయ్యో, ఏమనుకోకండి. అయితే రెండు చోట్ల పెట్టమనండి."

తర్వాత సొరుగు లాగుతుంది. అందులో మేం తీసుకోబోయే ఇల్లు ఉంది, అరచేతిలో పట్టేంత. గోడలు, గుమ్మం, పెరట్లో కరివేపాకు మొక్క అన్నీ ఉన్నాయి. పైకప్పు లేదు. ట్యూబులైటు వెలుతురు నేరుగా వంటగట్టు మీద పడుతోంది.

"పెద్దవాళ్లకి డెబ్బై నిండే లోపు లోను తీరిపోవాలండి. సర్టిఫికెట్టు ప్రకారం మీ వారికి యాభై ఎనిమిది. పన్నెండేళ్లకి గోడల దాకా వస్తుంది. కప్పుకి ఇంకో రెండేళ్లు కావాలి" అంటుంది త్రివేణి గారు.

"నాకు ముప్పై ఏడేనండి. నా ఏళ్లలోంచి తీసుకోండి" అంటాను.

"మీ ఏళ్లు మీకే కావాలి కదండీ, ఆ ఇంట్లో ఉండటానికి."

మాస్టారు గొంతు సవరించుకుంటారు. "నాకు అసలు యాభై ఆరేనండి. ఆ రెండేళ్లూ బళ్లో ఎక్కువేసేశారు."

"అయితే వెళ్లి తెచ్చుకోండి. భోజనాలయ్యాక మళ్లీ కూర్చుంటాం" అంటుంది ఆవిడ. సొరుగు తెరిచే ఉంచుతుంది.

బస్సెక్కి మాస్టారి ఊరు వెళ్తాం. ఆ రోజుల్లో పుట్టిన తేదీ ఎవరు రాసిపెట్టారు గనక? పిల్లాడు కుడిచెయ్యి నెత్తి మీదుగా తిప్పి ఎడమ చెవి అందుకుంటే ఐదేళ్లు నిండినట్టే. జూలై ఒకటో తేదీ వేసి చేర్చేసుకునేవారు. మాస్టారికి మూడేళ్లకే అందేసింది.

బళ్లో హెడ్మాస్టరు అవతారం గారు ఇంకా హాజరు వేస్తున్నారు. పోయి ముప్పై ఏళ్లయింది కాబట్టి గొంతు కాస్త చిన్నగా ఉంది. మా సంగతంతా విని తల ఊపుతారు.

"నోటి మాట మీద దిద్దనురా సోమూ. చెవి పట్టుకో, చూద్దాం."

మాస్టారు చెయ్యి ఎత్తుతారు. నలభై ఏళ్లు మిషను మీద వంగిన భుజం అది. చెయ్యి నడినెత్తి దాకా వెళ్లి ఆగిపోతుంది. ఇంకొంచెం లాగబోయి పళ్లు బిగబట్టుకుంటారు. ఆ భుజం అంతలా బిగిసిపోయిందని నాకు ఇంతకాలం చెప్పనే లేదు. నాకు కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

"అందట్లేదండి."

"అయితే నీకు ఐదు నిండలేదన్నమాట. నేనే తొందరపడ్డాను" అంటారు అవతారం గారు. రిజిస్టర్లో దిద్ది, బీరువా తెరిచి, సుద్దముక్కల డబ్బాల వెనక నుంచి మడతపెట్టిన రెండు గుడ్డలు తీసి ఇస్తారు. తెల్లగా, గంజి వాసనతో, మడత విప్పని గుడ్డలు.

"నువ్వు బతకని రెండేళ్లు ఇవి. నీట్లో ముంచలేదు. తడిస్తే ముడుచుకుంటాయి, చూసి కత్తిరించుకో."

తిరుగు బస్సులో గుడ్డలు నా ఒళ్లో ఉంటాయి. బతకని ఏళ్లకి టికెట్టు లేదని కండక్టరు మా ఇద్దరికే కొడతాడు. బస్సు కదలగానే నేను మనసులో మాట బయటపెడతాను.

"మాస్టారూ, ఇవి బ్యాంకుకి ఇవ్వొద్దు. ఈ రెండేళ్లూ మనం ఉంచుకుందాం. అద్దింట్లోనే ఉందాం."

"అలాగంటే ఎలాగ? నువ్వు ఒక్కదానివీ ఉండే ఏళ్లు పంతొమ్మిది. కప్పు లేకపోతే తడిసిపోవూ?"

"తడిస్తే తడుస్తాను. నాకు ఇల్లొద్దు, మీరు కావాలి."

ఆయన గుడ్డల కోసం చెయ్యి చాపుతారు. నేను కాకినాడ వచ్చేదాకా ఇవ్వను. గుండెకి హత్తుకునే కూర్చుంటాను.

బ్యాంకులో త్రివేణి గారు బల్ల ఖాళీ చేస్తుంది. మాస్టారు రెండేళ్లూ పరిచి, సుద్దతో గీతలు గీసి, కత్తెర వేస్తారు. ఆ చప్పుడు వినలేక నేను గోడకేసి తిరుగుతాను. కప్పు సరిగ్గా కుదురుతుంది. త్రివేణి గారు ముద్ర వేసి, ఇల్లు సొరుగులోనే ఉంచుకుని తాళాలిస్తుంది. మెట్లు దిగుతుంటే ఆయన చంకలోంచి సన్నటి పొడుగాటి పీలిక ఒకటి బయటికి తీస్తారు.

"ఇదెక్కడిదండీ?"

"గుడ్డ మిగల్చకపోతే నేనేం దర్జీనే? ఇది బ్యాంకుది కాదు, మనది."

కోపం పోదు గానీ నవ్వొచ్చేస్తుంది.

గృహప్రవేశం రోజు సామానుతో పాటు అద్దింటి హాలు కూడా వచ్చేస్తుంది. ఎక్కడ పెట్టాలో తెలియక మోసేవాళ్లు నడింట్లో పరిచేసి పోతారు. పైన గుడ్డ కప్పు గాలికి పొంగుతూ ఉంటుంది. కింద నేను పాలు పొంగిస్తాను. మాస్టారు ఆ పీలికతో కుట్టిన కొత్త జాకెట్టు నా చేతికిస్తారు. ఎడమ చెయ్యి మామూలుగానే ఉంది. కుడి చెయ్యి పంతొమ్మిది బారల మీద ఒక జానెడు ఉంది.

"ఇన్నాళ్లూ నీ కొలత తక్కువ రాసేశాను రత్నం" అంటారు. హాలు దాటి తన చివరికి వెళ్లి పాత మిషను ముందు కూర్చుంటారు.

నేను జాకెట్టు తొడుక్కుని, ఆ ఒంటి కుర్చీలో మొదటిసారి కూర్చుంటాను, కళ్లు తెరుచుకునే. కుడిచెయ్యి ఎత్తుతాను. అది నా నెత్తి మీదుగా, తిరగలి మీదుగా, రేడియో మీదుగా పోయి ఆయన ఎడమ చెవి దగ్గర ఆగుతుంది. చెవి వెచ్చగా ఉంది.

"అందిందా?" అని అక్కణ్ణుంచి కేకేస్తారు.

"అందింది!"

"అయితే నిండినట్టే."

భోజనాలకి వచ్చిన బుల్లెమ్మ గారు నా చేతి కింద నుంచి వంగి వెళ్తుంది. "ఒక్కదానివీ ఎలా ఉంటావో ఏమో" అంటూనే గారెలు మూడు ఆకులో వేయించుకుంటుంది.

అప్పుడు వాన మొదలవుతుంది. గుడ్డ కప్పు తడుస్తుంది. అవతారం గారు చెప్పినట్టే ముడుచుకుంటుంది. కప్పుతో పాటు గోడలు దగ్గరికి జరుగుతాయి. చుట్టాలు ఆకుల ముందు నుంచి లేచి, చెప్పులు వేసుకుని, ఒక్కొక్కరే పక్కకి తిరిగి గుమ్మంలోంచి దూరి వెళ్లిపోతారు. హాలు పదిహేను బారలవుతుంది, ఏడవుతుంది. నా చెయ్యి ముడుచుకుంటూ ఉంటే ఆయన మిషనుతో సహా నా వైపు జరిగి వస్తారు. చివరికి మా మధ్య జానెడు మిగులుతుంది.

ఒక్కటే గ్లాసు ఉంది, అందులోనే కాఫీ కలిపి ఇస్తాను.

"అబ్బ! కాలుతోందే" అంటారు. పెళ్లయ్యాక ఆయన పెట్టిన మొదటి వంక అది.

కుర్చీ కూడా ఒక్కటే, ఇద్దరం సర్దుకుని కూర్చుంటాం. వాన ఆగదు, ఇల్లు ముడుచుకుంటూనే ఉంటుంది. కిటికీ నిండా త్రివేణి గారి వేలు కనబడుతుంది, గోరింటాకు పెట్టుకుని, మా గుమ్మం అంత గోరుతో. ఆవిడ కరివేపాకు మొక్కని నలగకుండా పక్కకి జరిపి, మా ఇల్లున్న సొరుగు మెల్లగా లోపలికి తోస్తుంది. చీకట్లో గంజి వాసన. నేను ఆయన చెవి వదలను.