ఆశాజ్యోతి గ్రూపులోంచి వెళ్ళిపోయింది

మా అత్తవారి వాట్సాప్ గ్రూపులో నోరు మూసుకునే మనిషే లేడు. ఒకరు దోసెల ఫొటో పెడితే పదిమంది లొట్టలేస్తారు, లొట్టలేసినందుకు ఇంకో పదిమంది చేతులు జోడిస్తారు.

ఆ రోజు నాకు వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ. పోర్టులో సరుకు దించే ఓ కంపెనీ కంట్రోల్ రూమ్‌లో ఉద్యోగం. నేను ఎన్ని అర్జీలు పెట్టినా పిలిచింది ఈ ఒక్క కంపెనీయే. చదువుకుందామని కూర్చున్నానో లేదో టింగ్, టింగ్, టింగ్! ఒళ్ళు మండిపోయింది. మ్యూట్ చేద్దామని ఆ కోపంలో ఎగ్జిట్ నొక్కేశాను. మళ్ళీ చేర్చమంటే ఎందుకెళ్ళావని క్లాసు పీకుతారు. సాయంత్రం చూసుకుందాంలే అని ఫోన్ సైలెంట్‌లో పెట్టి బీరువాలో పడేశాను. అబ్బ, ఎంత హాయో!

ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు. జడ వేసుకుంటుంటే మల్కాపురంలో మా వీధి మొగలో ట్రక్కు ఆటో ఆగింది. సబ్బవరం నుంచి మా ఆయన తరఫు వాళ్ళంతా బిలబిలా దిగారు. ముందు మామగారు గవర్రాజు, చంకలో పనసకాయ. వెనకాల ఆయన వదిన, మా పెద్దత్త ఆదిలక్ష్మమ్మ, చేతిలో వంజరం చేపల సంచి. నేను అలిగానట, బుజ్జగించడానికి వచ్చారట.

"ఓలమ్మ! ఎవులేటన్నారే నిన్ను? గ్రూపులోంచి ఎల్లిపోనావంటే మమ్మల్నొగ్గీసినట్టు కాదేటే?" పెద్దత్త గుమ్మంలోనే కళ్ళొత్తుకుంది.

"వేలు జారిందత్తా..."

"దాపెట్టకే. నిన్న నీ పులిహోర ఫొటోకి మీ మావ బొటనేలు ఎట్టనేదు. నాను సూసినాను."

మామగారి ముఖం మాడిపోయింది. "తప్పయిపోనాది తల్లీ. ఇప్పుడెట్టీమంటే ఎట్టీత్తాను."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అవతల టైమ్ అయిపోతోంది. "నాకీ ఉద్యోగం కావాలత్తా. కాసేపు ఎవులూ కిక్కురుమనకండి," అని దండం పెట్టి అందర్నీ వంటింట్లోకి తోశాను.

కంపెనీ మేనేజరు తిరుమలరావు గారు లాప్‌టాప్‌లో ప్రత్యక్షమయ్యారు. మొదటి ప్రశ్నలకే తడబడ్డాను. తర్వాత ఆయన అడిగారు: "కంట్రోల్ రూమ్‌లో వైర్‌లెస్ సెట్లన్నీ ఒకేసారి మోగుతాయమ్మా. దేన్ని వింటారు?"

చదివిందంతా ఎగిరిపోయింది. నోటికొచ్చింది చెప్పేశాను. "ఏది ఆగిపోయిందో చూస్తానండి. రోజూ వినిపించే గొంతు వినిపించకపోతే ముందు అక్కడికే ఫోన్ చేస్తాను."

"బాగుంది. ఏదీ, ఒక ఉదాహరణ?"

ఉదాహరణ వంటింట్లో ఉంది. చెబితే పెద్దత్త నొచ్చుకుంటుంది, చెప్పకపోతే ఉద్యోగం పోతుంది. కళ్ళు మూసుకుని చెప్పేశాను.

"మా పెద్దత్త రోజూ పొద్దున్నే మా వాట్సాప్ గ్రూపులో గులాబీ పువ్వుతో గుడ్ మార్నింగ్ పెడుతుందండి. నేను ఒక్కటీ తెరిచి చూడను. మొన్న వానల్లో ఒకరోజు అది రాలేదు. వెంటనే ఫోన్ చేశాను. జ్వరంతో మూలుగుతోంది."

వంటింట్లో గిన్నె ఏదో దబ్బున పడింది.

"ఒక్కటీ సూడదంట! ఇన్నారా?" అంది పెద్దత్త గొంతు. నా పని అయిపోయిందనుకున్నాను. అంతలోనే ఆ గొంతు మిగతావాళ్ళ మీదికి తిరిగింది. "అయినా నాకు జొరమొచ్చిందని కనిపెట్టింది అదొక్కత్తే! రోజూ నా పువ్వులకి దండాలెట్టినోలు, మీరెవులైనా ఫోన్ సేసినారేటి?"

"వొదినా, నాను..."

"నువ్వు నోర్ముయ్యి గవర్రాజూ!"

ఇక అందరూ ఒకేసారి అందుకున్నారు. తిరుమలరావు గారు కంగారుగా ముందుకు వంగారు. "ఏంటమ్మా ఆ గోల?"

"మా గ్రూపండి."

"మ్యూట్ చెయ్యలేరా?"

"వీళ్ళకా బటన్ లేదండి."

ఆయన పగలబడి నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ సోమవారం వచ్చి చేరమన్నారు. కాల్ ఇంకా తెగలేదని కూడా చూసుకోకుండా కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. వంటింట్లోకి పరుగెత్తి పెద్దత్తను వాటేసుకున్నాను. పట్టలేని సంతోషంతో ఏడుపొచ్చేసింది నాకు.

ఆవిడ నన్ను మళ్ళీ గ్రూపులో చేర్పించి, నా గడ్డం పట్టుకుని, "సోమారం పువ్వు మటుకు తెరిసి సూడాలే," అంది.