కడిగి చూసే బ్రేకు

మా చిన్నమ్మాయి మోటార్ సైకిల్ ముందు బ్రేకుకి మనిషి బుద్ధి వచ్చింది. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు చెప్పిన మాట వింటుంది. ఎండెక్కి, నాలుగు వీధులు తిరిగి వేడెక్కిందంటే చాలు, బ్రేకు మీట పిండేసిన నిమ్మచెక్కలా మెత్తగా చేతిలోకి వచ్చేస్తుంది. బండి మాత్రం తన దారిన తాను పోతూనే ఉంటుంది. చిన్నప్పుడు నేను దున్నపోతెక్కి బడికి వెళ్లేవాణ్ని. తోక మెలిపెడితే ఆగేది, అదీ ఎవరి అరుగో ఎక్కాక. కానీ దాన్ని అమ్మినవాడు ‘అద్భుతంగా ఆగును’ అని బోర్డు కట్టుకోలేదు కదా!

అమ్మాయి పని జనం రక్తం తీయడం. కంగారు పడకండి, రక్తపరీక్షలు చేసే లేబొరేటరీ తరఫున ఇంటింటికీ వెళ్లి సూదితోనే తీస్తుంది. ఆ గాజు గొట్టాలను ఐసు పెట్టెలో సర్దుకుని, భుజాన తగిలించుకుని ఊరంతా తిరగాలి. బండి ఆగిపోతే ఉద్యోగం పోతుంది. బండి ఆగకపోతే మనిషే పోతుంది. మొన్న ఒక బడి ముందు పిల్లలు రోడ్డు దాటుతుంటే, బ్రేకు పడక, రెండు కాళ్లూ నేలకు రాసి ఆపింది. ఇంటికొచ్చాక ఆ చెప్పులు చూశాను. మడమ దగ్గర కాగితమంత మందం కూడా మిగల్లేదు. కంచం ముందు కూర్చుందే గాని ముద్ద ఎత్తలేదు.

“ముందున్న పిల్ల నన్ను చూసి నవ్వింది నాన్నా. నేను ఆగుతాననే అనుకుంది,” అంది.

అల్లుడు గొంతు తగ్గించాడు. “మామయ్యా, ఈ సంగతి బయట అనకండి. రేపు అమ్ముదామంటే ఎవడూ కొనడు.”

“రేపటిదాకా మనిషిని మిగలనియ్యి నాయనా, అమ్మకం సంగతి ఆనక చూద్దాం,” అన్నాను. అతను పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

అమ్మాయి అప్పటికే షోరూముకి తిరిగి తిరిగి అలిసిపోయింది. వెళ్లినప్పుడల్లా ఒకటే జవాబు: “అంతా బాగానే ఉంది మేడమ్, లోపమేమీ కనపడలేదు.” ఈసారి నేనూ వెనకెక్కాను. ఇళ్లన్నీ తిరిగి, బ్రేకు కుతకుతలాడుతున్న వేళకే వెళ్లాం.

ఆ షోరూము పైన పటారం, లోన లొటారం. ముందు అద్దాలు, చల్లగాలి, ముక్కు పగిలే పూలవాసన. వెనక మరమ్మతుల పెరడు. అందులో ఎత్తున తెల్లటి పలకలు పరిచిన షెడ్డు, తెల్ల చొక్కాల మెకానిక్కులు. అక్కడినుంచి పెరడంతా పల్లం. పల్లం చివర, బండ్లు కడిగిన నీళ్లు చేరే గుంట. నూనె, సబ్బు నురగ, తుక్కు, వచ్చేపోయేవాళ్ల ఉమ్ములు అన్నీ కలిసి అక్కడ నల్లటి జావలా బుడగలు కక్కుతున్నాయి. ఆ వాసనకి గుంట మీద ఎగిరే ఈగ మూర్ఛపోయి పడడం నా కళ్లతో నేను చూశాను. నమ్మకపోతే ఆ ఈగనే అడగండి.

బల్ల మీద మాలాంటి బాధితులు ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకాయన గుడ్ల వ్యాపారి, రెండో ఆయన బళ్లో డ్రిల్లు మాస్టారు.

“బండి ఎలా ఉందండీ?” అని గుడ్లాయన్ని అడిగాను.

“బంగారం!”

“మరి ఇక్కడికెందుకు దయచేశారో?”

అటూ ఇటూ చూశాడు. “అప్పుడప్పుడు లారీల మధ్యలో ఇంజను ఆగిపోతుంది. వేడెక్కితే బ్రేకు ఉండదు. అంతే. మిగతాదంతా బంగారం.”

“మీకూనా?” అని మాస్టారు లేచి నిలబడ్డాడు. “నా బండి ఒక్కటే అనుకుని ఇంట్లో కూడా చెప్పలేదే!”

తేలు కుట్టిన దొంగలన్నమాట, అందరూ. పరువు కోసం నోరు కుట్టుకుని, ఎవడి చావుకి వాడు ఒంటరిగా బండి తోలుకుంటున్నారు.

ఇంతలో మేనేజరు వచ్చాడు. మనిషికి ముప్పై రెండు పళ్లే కదా, ఆయన నవ్వులో నాకు అరవై కనపడ్డాయి. “వెల్‌కమ్ మేడమ్! ముందు బండిని కడిగిద్దాం,” అని గొట్టం పట్టుకున్నతన్ని పిలిచాడు.

అప్పుడు చూశాను. ముందు చక్రం లోపల, బ్రేకు దగ్గర్నుంచి సన్నగా నూనె చార. పైన దుమ్ము అంటుకుని ఇంకా తడిగా మెరుస్తోంది. గొట్టంతో ఒక్కసారి కొడితే నూనే ఉండదు, వేడీ ఉండదు.

“బాబూ, కడగొద్దు. ఉన్నదున్నట్టు చూడండి,” అన్నాను.

“కడగని బండి షెడ్డెక్కదు పెద్దాయనా. తెల్ల పలకలు కదా, మరకలవుతాయి. ఇక్కడ అన్ని బండ్లకీ అదే రూలు.”

ఔరా! జ్వరం వచ్చినవాణ్ని మంచులో ముంచి తీసి, ఒళ్లు చల్లగానే ఉంది పొమ్మనే వైద్యం ఇది. ఎద్దు పుండు కాకికి ముద్దా? వెళ్లి బండి వెనక సీటెక్కి కూర్చున్నాను.

“నేను బండి దిగను. కడిగితే నన్నూ కలిపి కడగండి. పండక్కి పోసుకున్న నీళ్లే ఒంటి మీద ఉన్నాయి, మీకు పుణ్యముంటుంది.”

గుడ్లాయన కిసుక్కుమన్నాడు. మేనేజరు నవ్వులో పది పళ్లు తగ్గాయి. ముందు గదిలో కొత్త బండి కొనడానికి వచ్చిన జంట అద్దంలోంచి ఇటే చూస్తోంది.

“సరే, నేనే తోలి చూపిస్తాను. మీరు వెనక గట్టిగా పట్టుకోండి. బ్రేకు పడిందంటే ఇంక మాట్లాడకూడదు,” అన్నాడు.

“నాన్నా, దిగు,” అంది అమ్మాయి. పిల్లలు రోడ్డు దాటిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది ఆమె ముఖం.

“నువ్వు రోజూ ఎక్కేదేగా అమ్మా,” అన్నాను.

మేనేజరు షెడ్డు ముందునుంచి పల్లానికి బండి వదిలాడు. సగం దారిలో దర్జాగా మీట నొక్కాడు. అది మెత్తగా పిడికి అంటుకుంది. మళ్లీ నొక్కాడు. “ఇదేంటి... ఇదేంటి...” అంటున్నాడు. వెనక బ్రేకు తొక్కితే చక్రం సబ్బు నురగ మీద జర్రున జారింది. అయ్యగారు అమ్మా అని అరవడం, బండి, ఆయన, నేను కట్టకట్టుకుని గుంటలో పడడం ఒకేసారి జరిగాయి. గుంట మెత్తగా ఉండబట్టి బతికాం. మా వెనకే ఒక కెరటం లేచి పక్క ప్రహరీ దాటిందని మాస్టారే తర్వాత చెప్పాడు.

మేనేజరు లేచాడు. నెత్తిన నురగ, మీసానికి ఎవడిదో కళ్లె. నోట్లోది ఉమ్మేసి, అద్దం వైపు చూసి మొదట అన్న మాట ఇదీ: “వెనక బరువు ఎక్కువైంది.”

గొట్టం అతను పరుగెత్తుకొచ్చాడు. అమ్మాయి ఐసు పెట్టెను బల్ల మీద పెట్టి, ఎదురెళ్లి కుళాయి కట్టేసింది.

“ఒక్క చుక్క పడ్డానికి వీల్లేదు. మీ మెకానిక్కుని ఇక్కడికే పిలవండి. ఈ బురదలోనే విప్పాలి.”

తెల్ల చొక్కా మెకానిక్కు వచ్చి, ముక్కు మూసుకుని, బ్రేకు విప్పాడు. లోపల గోరంత రబ్బరు రింగు పగుళ్లిచ్చి ఉంది. దాన్ని చూసి అతను ఆశ్చర్యపోలేదు. తెలిసిన చుట్టాన్ని చూసినట్టు చూశాడు.

“అన్నిటికీ ఇదే పోతుంది మేడమ్. కొత్త రకం రింగులు లోపల పెట్టెడు ఉన్నాయి.”

“మరి ఇన్నాళ్లూ ఎందుకు వెయ్యలేదు?”

అతను మేనేజరు వంక చూశాడు. ఆయన మీసం తుడుచుకుంటూ, ఏదో ఉపకారం చేస్తున్నవాడిలా చెప్పాడు: “కంపెనీ పద్ధతి మేడమ్. కిందపడ్డ బండికే మార్చాలి. మీది ఇప్పుడు పడింది కదా, ఇంక మీకు వస్తుంది. ఫ్రీగానే!”

నేను గుంటలో నడుం లోతున ఉన్నాను. అయినా ఆ మాటే ఎక్కువ కంపు కొట్టింది. మనిషి పడాలి, అప్పుడు రింగు వేస్తారు. మనిషికి ఏం వేస్తారో ఏ పద్ధతిలోనూ రాసుండదు.

అమ్మాయి ఒక్క మాటే అంది. “ఆ రోజు నా ముందు పిల్లలున్నారు.”

అప్పుడు గుడ్లాయన మెల్లగా లేచి, తన బంగారం దగ్గరికి వెళ్లి, స్టాండు తీసి, రెండు చేతులతో తోశాడు. దడేల్మంది. బండి అద్దం ముక్కలైంది.

“నాదీ పడిందండోయ్. రాసుకోండి.”

“నాదీ!” అని డ్రిల్లు మాస్టారు కాలితో తన్నాడు. అద్దాల గదిలోంచి మరమ్మతుకొచ్చిన ఇంకో ఇద్దరు బయటికొచ్చి, మాటా మంతీ లేకుండా వాళ్ల బండ్లు పడేశారు. “ఆగండి, ఆగండి! తోస్తే లెక్కకి రాదు!” అంటూ మేనేజరు బురద కాళ్లతో ఒక బండిని పట్టుకోబోతే ఇంకోటి పడింది. కొత్త బండికొచ్చిన జంట, వచ్చిన దారినే మెట్లు దిగిపోయింది.

రింగు వేయించుకుని, అప్పుడు కడిగించుకుని, బండి వేడెక్కేదాకా అమ్మాయి పెరడంతా తిప్పింది. నొక్కిన చోటల్లా బండి టక్కున ఆగింది. ఆమె నవ్వలేదు. పెట్టె భుజాన తగిలించుకుని నా ముందు ఆపింది. నేను కాలెత్తాను.

“నువ్వు నడిచిరా నాన్నా. నీ కంపు తగిలితే ఈ రక్తం పరీక్షకి పనికిరాదు,” అని, ముక్కు మూసుకుని, వెళ్లిపోయింది.