టేపులో లేని అడుగు

ఈ బూట్లు నిన్ననే మార్చాల్సింది, రెండు నెలల్లో రిటైరయ్యేవాడికి కొత్త బూట్లెందుకండీ అంది మా ఆవిడ, నిజమే, కానీ ఆ రెండు నెలలూ నడవాల్సింది నేను కదా, ఎడమ మడమలో మేకు పొడుస్తోంది, ఈ వీధి ఎంతకీ తెమలదు, ఈమధ్య ఏ వీధీ తెమలడం లేదు, అదిగో ఆకుపచ్చ రంగేసిన ఇనప కంచె, గేటుకి మా నోటీసు, కార్పొరేషన్ స్థలం ఆక్రమించినవారికి అని పెద్దక్షరాలతో, మూలలు ఊడితే ఎవరో మళ్ళీ జిగురు రాసి అంటించారు, నోటీసులు చింపేవాళ్ళని చూశాను, పేడ కొట్టేవాళ్ళని చూశాను, ఊడిపోకుండా అంటించుకున్నవాళ్ళని ఇదే చూడటం, వెనకాల నలుగురు కూలీలు కటింగ్ మిషన్ మోసుకొస్తున్నారు, కొలవాలి, కోయించాలి, ఫారం నింపాలి, సంతకం పెట్టాలి, డ్రైనేజీ కోసం ప్లానులో ముప్పై అడుగులున్న వీధి ఈ ఇంటి ముందు తగ్గిందట, తగ్గకేం చేస్తుంది, వీధికి నోరుందా, వాకిట్లో అరుగు కట్టినవాడూ మెట్టు జరిపినవాడూ అందరూ దాన్ని తలా కాస్తా కొరికినవాళ్ళే, ముప్పై నాలుగేళ్ళుగా అవన్నీ తిరిగి కక్కించడమే నా బతుకు.

తలుపు తీసుకుని ఆవిడ వచ్చింది, డెబ్బై దాటి ఉంటాయి, వీధంతా లెక్కల టీచరమ్మ అంటారట, కళ్ళద్దాలు చీరచెంగుతో తుడుచుకుని పెట్టుకుంది, మీ ఆఫీసువాళ్ళే వచ్చి సున్నంతో గీత గీసిచ్చారు బాబూ, ఆ గీత మీదే గుంజలు పాతించాను, పన్నెండేళ్ళయింది అంది, నా చెవులు విన్నాయి గానీ నేను వినలేదు, ప్రతి కంచె వెనకా ఇదే మాట, మీవాళ్ళే గీశారు, మీ సారే చూపించారు, అందరూ సత్యహరిశ్చంద్రుడి మేనత్తలే, ఎదురింటాయన బాల్కనీలో పేపరు మడిచి, కంచే చేను మేసిందని విన్నాం గానీ రోడ్డు మెయ్యడం ఇప్పుడే చూస్తున్నాం అన్నాడు, ఫిర్యాదు రాసింది కూడా ఆయనే, ఇద్దరు ముగ్గురు నవ్వారు, టీచరమ్మ అటు చూడలేదు, కంచె తీసుకుపోండి బాబూ, అడ్డు చెప్పను, ఆ కాగితంలో ఆక్రమించినవారు అన్న ఆ మాటొక్కటి తీసేయించండి అంది, ఈ వీధిలో సగంమంది నా దగ్గర కూడికలూ తీసివేతలూ నేర్చుకున్నవాళ్ళే, ఎవరికీ ఒక్క మార్కు ఎక్కువ వెయ్యలేదు, ఇప్పుడు వాళ్ళు నన్ను చూసి తల తిప్పుకుంటున్నారు, పొద్దున్న పాలకి కూడా చీకటుండగానే వెళ్ళొస్తున్నా, ఆవిడ గొంతు వణకలేదు, వణికితే నాకు తేలిగ్గా ఉండేది, వణికే గొంతులకి నేను అలవాటుపడిపోయాను, ఫారం అచ్చేసి ఉంటుందమ్మా, నా చేతిలో ఏం లేదు అన్నాను, ఈ ఒక్క ముక్కా ఎన్ని గుమ్మాల ముందు చెప్పానో.

సరే కొలుద్దాం, ఎదుటి గోడ దగ్గర హద్దురాయి, ఇప్పుడు టేపు లేదు, చేతిలో పట్టేంత యంత్రం, ఎర్ర చుక్క కంచె మీద పడితే అంకె అదే చెబుతుంది, పాతికేళ్ళుగా నాతో టేపు రెండో కొస పట్టిన చైన్‌మన్ రాయి మీద యంత్రం ఆనించి, ఏ ధ్యాసలో ఉన్నాడో, ఒకటి తగ్గించండి సార్ అని కేకేశాడు, కూలీలు పగలబడి నవ్వారు, దీనికి తగ్గించేదేంటి మేస్త్రీ అని, వాడు నాలిక్కరుచుకున్నాడు, యంత్రం ఇరవై తొమ్మిది అంది, కంచె ఈ చివర పెట్టినా ఇరవై తొమ్మిదే, ఆ చివర పెట్టినా ఇరవై తొమ్మిదే, అంగుళం అటూ ఇటూ లేదు, నేనూ నవ్వబోయి, వాడన్న ఆ ఒకటి దగ్గర ఆగిపోయాను.

మా పాత టేపుకి మొదటి అడుగు తెగిపోయి ఉండేది, కొత్తది అడిగితే ఆఫీసులో ఏళ్ళ తరబడి రేపు మాపు అన్నారు, ఒకటి అంకెని రాయి మీద పెట్టి కొలిచి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేసేవాళ్ళం, నేను మర్చిపోతానని వాడు ప్రతిసారీ అలా కేకేసేవాడు, పన్నెండేళ్ళ కిందట ఈ వీధికే వచ్చిన ఒక్కరోజు మాత్రం వాడు రాలేదు, వాడి భార్యకి పురుడు, ఆఫీసు వాచ్‌మన్‌ని తీసుకొచ్చి టేపు పట్టించాను, వాన పడుతోంది, తొందరగా ముగించుకుపోవాలని నా గోల నాది, టేపు మీద ముప్పై చూశాను, సున్నం గీశాను, ఒకావిడ గొడుగు తెచ్చింది, నాకు పట్టడానికనుకున్నాను, సున్నం కరిగిపోకుండా గీతకి పట్టి తను తడుస్తూ నిలబడింది, ముప్పయ్యేనా బాబూ, ఇంకోసారి చూడండి, నేను వెనక్కి జరగాల్సొచ్చినా ఫర్వాలేదు అంది, నాకు చిర్రెత్తింది, ముప్పయ్యేనమ్మా, మేం లెక్క తప్పం అన్నాను.

ఆక్రమించేవాడు వంకరటింకరగా దొరికినంత లాగుతాడు గానీ, కంచె పొడుగునా సరిగ్గా ఒక్క అడుగు కొలుచుకుని ఎవడు లాగుతాడు, ఇంతమందిని పట్టుకున్నవాణ్ణి, నాకీపాటి తట్టలేదు, చైన్‌మన్ నావైపు చూసి తలొంచుకున్నాడు, వాడికి అర్థమైంది, ఇంకెవరికీ తెలీదు, సున్నం గీత ఎప్పుడో పోయింది, టీచరమ్మ నన్ను గుర్తుపట్టలేదు, తేలు కుట్టిన దొంగలా ఊరుకుంటే రెండు నెలల్లో పూలదండ, శాలువా, మచ్చలేని మనిషని నలుగురి ప్రసంగాలు, చెబితే విచారణ, సంజాయిషీలు, ఏళ్ళకేళ్ళు ఆ ఆఫీసు బల్లల చుట్టూ ఈ బూట్లతోనే తిరగడం, ఓపిక లేదు, నిజంగా లేదు, కంచె ఎలాగూ పోవాల్సిందే, అడుగు నేల రోడ్డుదే, పోయేదల్లా ఒక ముసలావిడ పేరు, అంతేగా అనుకున్నాను, అనుకున్నందుకు నామీద నాకే రోత పుట్టింది.

మిషన్ రొద మొదలైంది, గుంజ తర్వాత గుంజ తెగుతోంది, టీచరమ్మ లోపలికి పోకుండా గేటు దగ్గరే నిలబడింది, అటెండెన్సు తీసుకుంటున్నట్టు ఒక్కో గుంజనీ చూస్తోంది, ఫారం మోకాలి మీద పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాను, రోడ్డు అడుగు రోడ్డుకి వచ్చేసింది, ఆవిడకి రావాల్సింది ఇంకా నా దగ్గరే ఉంది, కలం పట్టుకున్నాను, సార్, అది మీరు సంతకం పెట్టే చోటు కాదు, ఆక్రమించినవారి పేరు రాసే గడి అన్నాడు చైన్‌మన్ చెవి దగ్గరికొచ్చి, తెలుసులేరా, పేరు అయిపోయింది, హోదా రాస్తున్నా అన్నాను.