బావగారి నాలుగో మాట

మా మినాంగ్ తెగ వాళ్ళలో ఇల్లు ఆడవాళ్ళది, పెత్తనం వాళ్ళ అన్నదమ్ములది. అల్లుడికి కాఫీ ఇస్తారు. బుకిట్‌తింగి కాలేజీలో ముప్ఫై ఏళ్ళు తర్కం చెప్పి రిటైరైన నేను అలాంటి అల్లుణ్ణి. నా మాట ఎంత సరైనదైనా, అన్నది నేను కాబట్టి చెల్లదు. మాట వదిలేసి మనిషిని చూడటాన్ని తర్కంలో తప్పంటారు. మా ఇంట్లో మర్యాదంటారు.

ఆ శుక్రవారం నమాజు ముగించుకుని మా ఆవిడ నూర్‌హెల్మి వాళ్ళన్నయ్య, వంశపెద్ద దాతుక్ బాసా గారు, పంచాయితీకి వచ్చి కూర్చున్నారు. మా అమ్మాయి యెల్ని రోడ్డు పక్కన, పాత వడ్లగాదె ఉన్న చోట బైకుల రిపేరు షాపు పెడతానంటోంది. స్థలం తల్లి వంశానిది. మేనమామ ఊఁ అనకపోతే పిల్ల మళ్ళీ పడాంగ్ పట్నం వెళ్ళి ఎవరి షాపులోనో బోల్టులు బిగించుకోవాలి. అది నాకు బొత్తిగా ఇష్టం లేదు.

“పోయినేడు ఆ వాకిట్లో ఎవడో బైకు విప్పాడు. మూడో రోజుకి మన గేదె పాలివ్వడం మానేసింది,” అన్నారు బావగారు.

“కాకతాళీయం బావగారూ. ఆ వారమే మీరు మీసాలకి రంగేశారు. అది చూసి మానేసిందేమో!”

యెల్ని తల పక్కకి తిప్పుకుని నవ్వింది.

“ఇవాళ బైకంటుంది. రేపు లారీ అంటుంది. ఎల్లుండి ఇల్లు పక్కకి జరపమంటుంది.”

“మధ్యలో ఎక్కడా ఆగదా ఏంటండీ? అదేమైనా కొండ మీంచి దొర్లే రాయా?”

“పారియామన్‌లో ఒకమ్మాయి ఇలాగే షాపు పెట్టి ఆర్నెల్లకి మూసేసింది.”

“ఒక్కమ్మాయి మూసేస్తే ఊళ్ళో ఆడపిల్లలందరూ మూసేస్తారా?”

మూడు మాటలూ పడగొట్టేశాను. క్లాసులో కూడా ఎప్పుడూ ఇంత ఊపు రాలేదు.

బావగారు వడ్లగాదె వైపు చెయ్యి చూపించి, “వానాకాలం అక్కడికి నీళ్ళొస్తాయి,” అన్నారు.

“అదిగో, కారణాలు అయిపోయేసరికి నీళ్ళు తెచ్చారు!” అన్నాను.

“ఇంతకీ నీళ్ళొస్తాయా, రావా?” అని అడిగింది మా ఆవిడ.

“అన్నదెవరో చూడవేం? ఇందాకటి నుంచి ఒక్క సరైన మాటైనా అన్నారా?”

అనేశాక నోరు మూసుకున్నాను గాని, అప్పటికే ఆలస్యమైపోయింది. మాట వదిలేసి మనిషిని చూస్తారని ఇన్నేళ్ళుగా మా ఆవిడ ప్రాణం తీస్తున్న నేనే, సరిగ్గా ఆ పని చేశాను.  

యెల్ని మెట్లు దిగి వెళ్ళి వడ్లగాదె చుట్టూ తిరిగొచ్చింది. “స్తంభాల మీద బురద గుర్తులున్నాయి నాన్నా. మోకాలి దాకా. ఒకసారి వచ్చిన నీళ్ళు కావవి.”

సిగ్గేసింది. అక్కడ షాపు పెట్టుంటే మిషన్లన్నీ మొదటి వానకే మునిగిపోయేవి.

బావగారు గెలిచినట్టు మొహం పెట్టలేదు. “మిట్ట మీద చోటుంది. మాస్టారు పుస్తకాలు పెట్టుకున్న కొట్టుగది. అక్కడైతే నాకేం అభ్యంతరం లేదు.”

“అది ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉంది!” అన్నాను.

“ఉంటే?” అంది యెల్ని.

“పుస్తకాలు కదిపితే చెదలు పడతాయి.”

“కదపకుండానే పట్టాయిగా.”

“అసలు మీ మామయ్యకి ఆ కొట్టంటే మొదట్నించీ కళ్ళమంట!”

యెల్ని నా ఎదురుగా వచ్చి కూర్చుంది. “నాన్నా, మీ స్టూడెంట్ ఎవరైనా పరీక్షలో ఇలా రాస్తే ఎన్ని మార్కులేసేవారు?”

“సున్నా,” అన్నాను.  దాచుకుని లాభం లేదనిపించి అసలు సంగతి చెప్పేశాను. “ఈ ఇంట్లో నాదంటూ ఉన్న చోటు అదొక్కటేనమ్మా.”

 మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

అల్లుళ్ళు కూర్చోకూడని వైపు కూర్చున్న బావగారు కాస్త పక్కకి జరిగి చాప మీద చోటు చేశారు. “ఇటు రండి మాస్టారూ,” అన్నారు. పెళ్ళైన ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయన నన్ను ఆ వైపుకి పిలవడం అదే మొదలు.

కొట్టు తాళంచెవి యెల్ని చేతిలో పెట్టి, వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.