కిటికీ పక్క సీటు

లెక్కల మాస్టారు పోయారన్న కబురు వడ్రంగి భార్యకు ఎదురింటావిడ మోసుకెళ్ళిందట. "అయ్యో పాపం" అనాల్సిన చోట, "వ్యాన్‌లో కిటికీ పక్క సీటు ఖాళీ అయిందటే, పరిగెత్తు!" అన్నదట. వడ్రంగి భార్య పొయ్యి మీది గిన్నె కూడా దించకుండా చెప్పులేసుకుందట. ఇదంతా మాకు చెప్పింది కూడా ఎదురింటావిడే. "చావుకబురు విని ఆ మొహం ఎలా వెలిగిపోయిందో చూడాల్సింది" అంటూ బుగ్గలు నొక్కుకుంది.

మా వ్యాన్‌లో డ్రైవరు సీటు కాక ఆరు సీట్లు. ఆరుగురమూ కిడ్నీలు చెడినవాళ్ళమే. సోమ, బుధ, శుక్రవారాల్లో నలభై కిలోమీటర్ల అవతలి ఆసుపత్రికి డయాలసిస్‌కి వెళ్తాం. నడిపేది హారన్ బాబాయ్. ముప్పై ఏళ్ళు బస్సు తోలి రిటైరైన మనిషి, మా దగ్గర పైసా తీసుకోడు. బండికి ఏ జబ్బు చేసినా చూసేది మెకానిక్, మాస్టారి సొంత తమ్ముడు. ఆయనా అంతే.

ఆ బండిలో ఒక కట్టుబాటుంది. మాలో ఎవరైనా పోతే ఆ సీటు మూడు ట్రిప్పులు ఖాళీగా వెళ్ళాలి. ఊరికే పుట్టిన కట్టుబాటు కాదు. బాబాయ్ కంటే ముందు ఈ వ్యాన్ నడిపినవాడి తండ్రి కూడా మాలాంటి రోగే. తండ్రి పోయిన మూడో రోజు మనసు రాయి చేసుకుని బండి తియ్యడానికి వచ్చాడు. తండ్రి సీట్లో అప్పటికే కొత్త మనిషి కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు. తాళంచెవి అక్కడే పెట్టి దిగిపోయాడు, మళ్ళీ రాలేదు. బాబాయ్ దొరికేసరికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో మాలో ఇద్దరు పోయారు.

సోమవారం పొద్దున వ్యాన్ ఆగే చోటికి, మాలాగే కిడ్నీలు చెడి సీటు కోసం కాచుకున్న వడ్రంగిని భార్య నడిపించుకొచ్చింది. పాదాలు చెప్పుల్లో పట్టక గుడ్డలు చుట్టుకున్నాడు. మేం బండెక్కడానికి వేసుకునే చెక్కపీట మీద కూలబడ్డాడు. ఒంట్లో బాగున్న రోజుల్లో ఆ పీట చేసిచ్చింది అతనే.

"బాబాయ్, సీటుందటగా?" అందామె.

"ఉందమ్మా. వచ్చే సోమవారం నుంచి మీ ఆయనదే. ఈ వారం మాత్రం మాస్టారిది."

"మాస్టారు ఇంక రారు కదా బాబాయ్! మా మరిది రెండు వారాలు కార్లో తిప్పాడు. ఇప్పుడు ఫోనే ఎత్తట్లేదు. ఈయన్ని బస్సెక్కిద్దామంటే మెట్టు మీదే పడిపోయాడు."

లోపల్నుంచి దర్జీ అక్క కల్పించుకుంది. "పోయినవాళ్ళకి ఆపాటి మర్యాదైనా లేకపోతే ఎలా చెల్లీ? రేపు నేను పోయినా అంతేనా? నా సీటు చల్లారకముందే ఇంకొకరా?"

బాబాయ్ మావైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఎక్కించుకుంటే మెకానిక్ చూస్తాడు. అన్న సీట్లో ఇంకొకణ్ణి చూశాక మళ్ళీ ఈ బండి మీద చెయ్యి వేస్తాడా? ఆయన లేకపోతే ఈ బండి నెల నడవదు. మీరే చెప్పండి."

"తాళాలన్నయ్యా, నువ్వేమంటావ్?" అంది దర్జీ అక్క. తాళాలు బాగుచేసి బతికేవాణ్ణి, ఆ పేరు నాదే.

"బాబాయ్ ఎలా అంటే అలా" అన్నాను. బాబాయ్ ఏమంటాడో నాకు తెలుసు.

వడ్రంగి నవ్వాడు. "ఊరుకోవే. నా పీట మీద నన్ను కూర్చోనిచ్చారు, అదే పదివేలు. వారమేగా, ఇట్టే అయిపోతుంది." పీట లోపల పెట్టుకోవాలి గనక, భార్య భుజం పట్టుకుని లేచాడు.

బుధవారం ఆమె ఒక్కతే వచ్చి నిలబడింది. "ఇది రెండోది కదా?" అంది. అవునన్నాం. అతను మంచం దిగడం లేదట, ఆయాసపడుతున్నాడట. బాబాయ్ తల వంచుకుని గేరు వేశాడు. శుక్రవారం ఎవరూ రాలేదు. మాస్టారి తువ్వాలు మడిచి పెట్టిన ఆ సీటు మీద దారంతా ఎండ పడుతూనే ఉంది. ఎవరమూ అటు చూడలేదు.

ఆదివారం తెల్లారుతుండగా వడ్రంగి పోయాడు.

సోమవారం వ్యాన్ వాళ్ళింటి ముందు ఆపాం. మెకానిక్ అప్పటికే అక్కడున్నాడు. సంగతంతా ఎదురింటావిడ చెప్పేసినట్టుంది, మమ్మల్ని చూడగానే లేచాడు. "నా పేరు చెప్పి ఆపారా? నన్నొక్క మాట అడిగారా? మా అన్న బతికుంటే తనే లేచి చోటిచ్చేవాడు కదయ్యా" అని బయటికి వెళ్ళిపోయాడు.

వడ్రంగి భార్య గోడకి ఆనుకుని కూర్చుంది. కళ్ళు పొడిగా ఉన్నాయి. బాబాయ్ చేతులు కట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

"అమ్మా, మేమంతా అనుకున్నాం. మీ ఆయన పేరు మీద కూడా మూడు ట్రిప్పులు సీటు ఖాళీగా తీసుకెళ్తాం."

ఆమె తలెత్తి, గుమ్మంలోంచి కనిపిస్తున్న వ్యాన్‌ని చూసింది.

"ఒక్కరోజు కూడా ఎక్కనివ్వలేదుగా. ఏ సీటు ఖాళీగా ఉంచుతారు?"