ఎదురుకాళ్ల వైద్యం

నాయుడుపేట ఆసుపత్రి ఎమర్జెన్సీలో వెంకయ్య బోర్లా పడుకుని దేవుళ్లందరినీ వరసబెట్టి పిలుస్తున్నాడు. పొద్దున పడవను ఒడ్డుకు లాగుతుంటే నడుం పట్టేసింది. నొప్పి సంగతి అటుంచండి. రేపు పులికాట్ సరస్సులో రొయ్యలు దండిగా పడే చోట వల వేసే వంతు అతనిది. ఏడాదికోసారి వచ్చే వంతు! వంతుదారు స్వయంగా పడవ మీద నిలబడాలి, లేకపోతే అది పక్కింటి సుబ్బుకి పోతుంది. ఊరి కట్టుబాటు అది. సుబ్బు మహానుభావుడు అప్పుడే వచ్చి, "మంచం దిగబాక మామా" అని ఒకటికి రెండుసార్లు చెప్పి మరీ పోయాడు.

ఫిజియోథెరపిస్టు ఉషారాణి వచ్చి, కాళ్లు తిమ్మిరెక్కాయా, మూత్రం సరిగా వస్తోందా అని అడిగి, కాళ్లు ఎత్తి చూసింది.

"కండ పట్టేసింది, అంతే. లేచి నడిస్తే వదులుతుంది."

"నడవగలిగితే ఈడికెందుకొస్తానమ్మా!" వెంకయ్య గయ్యిమన్నాడు.

భార్య మాలకొండమ్మ అడ్డొచ్చింది. "ఇయ్యన్నీ కాదు గానీ, ఎదురుకాళ్లతో పుట్టినోళ్లు యాడన్నా ఉండారా? నడుం మీద ఒక్క తన్ను తంతే చాలు. మా నాయనకి అట్టనే వదిలింది."

ఉషారాణి నవ్వాపుకుంది. "గేటు కాడ వాచ్‌మన్ చంద్రమౌళన్న అట్టనే పుట్టినాడంట. లోపల తన్నులు కుదరవు. ఈయనే గేటు దాకా నడవాలి."

పక్కకు దొర్లి, చేతులు ఆనించి ఎలా లేవాలో చూపించింది. మొదట్లో గోడ పట్టుకుని అడుగడుక్కీ "అమ్మో, చచ్చాన్రో!" అన్నాడు వెంకయ్య. మందుల కొట్టు దగ్గర గోడ వదిలేశాడు. గేటు దగ్గరపడేసరికి రెండు చేతులూ ఊపుతూ సుబ్బుని తిట్టిపోస్తున్నాడు.

చంద్రమౌళి చెప్పు విడిచి, ప్యాంటు మడిచి, కాలెత్తాడు. వెంకయ్య నడుం తడుముకున్నాడు. దాదాపు వదిలింది. ఇప్పుడీయన తన్ని మళ్లీ పట్టేస్తే రేపటి వంతు గోవిందా!

"వద్దన్నా!" అని ఒక్క గెంతు గెంతి ఆటోలో పడ్డాడు.

"వల మాత్రం మీరు లాగొద్దు!" వెనక నుంచి ఉషారాణి కేకేసింది.

మర్నాడు వెంకయ్య పడవ మీద నిలబడ్డాడు. కూలిచ్చి వల సుబ్బు చేతనే లాగించాడు.

సాయంత్రం మాలకొండమ్మ మొగుణ్ణి వెంటబెట్టుకొచ్చి చంద్రమౌళికి బుట్టెడు రొయ్యలిచ్చింది.

"నేను తన్ననే లేదు గదక్కా!"

"కాలెత్తితేనే ఇంత పని చేసింది నాయనా, తన్నుంటే ఇంకెట్టుండేదో!"

వెంకయ్యకి నిజం తెలుసు. అయినా భార్య మాటకి తలూపాడు. అప్పుడే డ్యూటీ దిగి గేటు దగ్గరికొచ్చిన ఉషారాణి వైపు మాలకొండమ్మ జాలిగా చూసింది.

"నువ్వూ మంచిదానివే తల్లీ. ఎదురుకాళ్లతో పుట్టుంటే పెద్ద డాక్టరువయ్యేదానివి."